ఆరోగ్యపు నమూనా

పోయినవారం మనం కోతలక్కని వాళ్ళ అక్క ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర, నలుగురి మధ్య నిలబెట్టి వచ్చేశాం. పదహారేళ్ళ పాపకు చూపు పోతోంది. ఆ జబ్బు తల్లి తరపు నుంచి వచ్చిందా, తండ్రి తరపు నుంచి వచ్చిందా అని పంచాయితీ. అందరూ తలో మాటా అంటుంటే కోతలక్క లేచి ఒకే ఒక్క మాట చెప్పింది. "మా వైపు ఏ లోపమూ లేదు. నా కణాలు నేనే కోసి చూసుకున్నాను, శుభ్రంగా ఉన్నాయి." సైన్సు తెలిసిన మనిషి అంత మాటన్నాక ఎదురు చెప్పేదెవరు? బావ తల వంచుకుని బట్టలు సర్దుకున్నాడు. బస్సు డిపో పక్కన ఒక గది అద్దెకు తీసుకున్నాడు. విడాకుల కాగితాలు తయారయ్యాయి. ఈ సాయంత్రం సంతకాలు, రేపు పొద్దున పదిన్నరకు కోర్టు.

ఆ మాటలో ఏదో మెలిక ఉందని మీకు అప్పుడే అనుమానం వచ్చి ఉంటుంది. కోతలక్కకు మాత్రం రాలేదు. అబద్ధమని తెలిసి చెప్పేవాళ్ళు కొంత నయం, ఎప్పుడో ఒకప్పుడు నాలుక కరుచుకుంటారు. నమ్మి చెప్పేవాళ్ళతోనే వస్తుంది తంటా అంతా.

ఆ పేరు చూసి ఆవిడ గొప్పలు పోయే మనిషి అనుకునేరు. ఇరవై రెండేళ్ళుగా ఒక పరిశోధనాలయంలో కణాలను పొరలు పొరలుగా కోయడం ఆవిడ ఉద్యోగం. కొత్తగా చేరిన కుర్రకారు సరదాకి పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. తలవెంట్రుకను నిలువునా వెయ్యి పొరలు చేస్తే అందులో ఒక్క పొర ఎంత పలచగా ఉంటుందో అంత పలచటి కోత కోయాలి. కత్తి వజ్రంతో చేసింది. దాని అంచును ఆనుకుని గోరంత నీటి తొట్టి. కోసిన పొరలు ఒకదాని వెనక ఒకటి ఆ నీటి మీదికి జారి, రిబ్బను ముక్కలా తేలుతాయి. వాటిని వేలితో ముట్టుకుంటే అయిపోయినట్టే. అందుకని పుల్ల చివర ఒక కనురెప్ప వెంట్రుక అతికించి, దానితో నెట్టుకుంటూ రాగి జల్లెడ బిళ్ళ మీదికి చేరుస్తారు. కోతలక్క పుల్లకున్నది పాప కనురెప్ప వెంట్రుక. పదేళ్ళప్పుడు రాలిన వెంట్రుకను కాగితంలో చుట్టి తెచ్చి, "పిన్నీ, నాది పొడుగ్గా ఉంది, దీన్ని నీ ఉద్యోగంలో పెట్టుకో" అని ఇచ్చింది.

కోత ఎంత మందంగా వచ్చిందో చెప్పేది దాని రంగు. నీటి మీద వెండిలా మెరిస్తే సరిగ్గా ఉన్నట్టు. బంగారు రంగు వస్తే మందం ఎక్కువైనట్టు, మళ్ళీ కోయాలి. మిషను మీద అంకె ఉంటుంది గానీ కోతగాళ్ళు దాన్ని నమ్మరు. అంకెను నమ్మకు, రంగును నమ్ము. ఆవిడకు పని నేర్పినవాళ్ళు చెప్పిన మొదటి పాఠం అదే.

ఆ పరిశోధనాలయానికి ఇంకో ఆచారం ఉంది. జబ్బు కణాన్ని పోల్చి చూసుకోవడానికి ఒక ఆరోగ్యపు కణం కావాలి కదా. దానికోసం బయటివాళ్ళను బతిమాలడం ఎందుకని, ఎవరు కోస్తే వాళ్ళదే ఆరోగ్యపు నమూనా అని ఎప్పుడో తీర్మానించుకున్నారు. మోచేతి లోపలి వైపు నుంచి బియ్యపు గింజంత చర్మం తీసి, కణాలు పెంచి, చెడిపోకుండా మందులో వేసి, జిగురులో గడ్డకట్టించి ఉంచుతారు. కోతలక్కకూ ఆ మచ్చ ఉంది. పాప చర్మం కూడా పరీక్షకు ఇక్కడికే వచ్చింది.

మధ్యాహ్నం ఒంటిగంటకు గుడ్లగూబ మాస్టారు కబురు పెట్టాడు.

మాస్టారు పెద్ద సూక్ష్మదర్శిని నడుపుతాడు. అది చీకటి గదిలో ఉంటుంది కాబట్టి ఆయనా ముప్ఫై ఏళ్ళుగా పగలంతా చీకట్లోనే ఉంటాడు. ఇంకో నాలుగు నెలల్లో పదవీ విరమణ. తన వెనకాల తనను ఏమని పిలుస్తారో ఆయనకు తెలుసు. పుట్టినరోజుకు ఎవరో మట్టి గుడ్లగూబ బొమ్మ ఇస్తే దాన్నే మిషను మీద పెట్టుకున్నాడు.

"తలుపు వేసి కూర్చో అమ్మాయ్."

"ఆకలేస్తోంది మాస్టారూ. తినేసి వస్తాను."

"తిండి ఎక్కడికీ పోదు. ముందు ఇది చూడు. ఏమనిపిస్తోందో చెప్పు."

తెర మీద ఒక కణం తాలూకు బొమ్మ, బూడిద రంగులో. కోతలక్క కుర్చీ ముందుకు లాక్కుంది. ఈ బొమ్మలు చదవడం ఆవిడకు పేపరు చదివినట్టే. కణానికి బలమిచ్చే మైటోకాండ్రియాలు గింజల్లా అక్కడక్కడా పరుచుకుని ఉన్నాయి. ఒక్కో గింజకు రెండు పొరలు. బయటి పొర నున్నగా ఉంటుంది. లోపలి పొర మాత్రం తెరగుడ్డ కుచ్చుల్లా మడతలు పడి ఉండాలి. ఆ మడతల మీదే శక్తిని తయారుచేసే యంత్రాలు ఉంటాయి. అవి ప్రోటీన్లే. జంటలు జంటలుగా వరసకట్టి, తమ వంకరతోనే మడత అంచును వంచుతాయి. మడత మొదట్లో ఇంకొన్ని ప్రోటీన్లు గుంపుగా చేరి టాకా వేసినట్టు పట్టుకుంటాయి. ఇక మూడోది, మడత మూతిని బిగించి ఉంచేది. దానికి పుస్తకాల్లో అంకెల పేరేదో ఉంది గానీ కోతలక్క 'దర్జీ' అని పెట్టింది. వాళ్ళ నాన్న దర్జీ. పరదాలకు కుచ్చులు కుట్టడంలో ఆయన చెయ్యి పెట్టింది పేరు.

తెర మీద ఆ మడతలు లేవు. గింజలు ఉబ్బి ఉన్నాయి. కొన్నిట్లో మడతలు వదులై ఓ మూలకు జారాయి, కొన్ని వట్టి ఖాళీ సంచులు.

"పాపదే," అంది కోతలక్క, గొంతు తగ్గించి. "దర్జీ చెయ్యి జారింది. మూతులన్నీ తెరుచుకుపోయాయి చూడండి. కంటినరానికి ఆకలెక్కువ, అందుకే ముందు అదే ఎండిపోతుంది... ఇది చూపించడానికా నన్ను పిలిచారు? ఈ బొమ్మలు చూసీ చూసీ నాకు ఏడుపు కూడా రావడం లేదు మాస్టారూ."

మాస్టారు బల్ల సొరుగు లాగి చిన్న ప్లాస్టిక్ పెట్టె తీసి ఆవిడ ముందు పెట్టాడు. మూత మీద ఆవిడ చేతిరాతే. 'నా చెయ్యి. మందు సరిగా పట్టలేదు. పారేయాలి.'

"ఇది పాపది కాదమ్మా. నీది."

కోతలక్క నవ్వింది. నిజంగానే నవ్వింది. "అదా! అది చెడిపోయిన సరుకు మాస్టారూ. మందులో వేయడం ఆలస్యమైతే ఇలాగే ఉబ్బుతాయి. మీకు తెలియనిదా? అందుకే కదా పారేశాను."

"మూడుసార్లు పారేశావు. మార్చిలో ఒకసారి, మేలో ఒకసారి, మొన్న ఆగస్టులో ఒకసారి. మూడూ చెత్తబుట్టలోంచి ఏరి దాచాను. నాకు ఏదీ పారేసే అలవాటు లేదు, మా ఆవిడ కూడా అదే తిడుతుంది." ఆయన బొమ్మను పక్కకు జరిపాడు. "మందు పట్టక చెడిపోతే ఒక్క మైటోకాండ్రియానే చెడుతుందా? మిగతా కణం చూడు. కేంద్రకం చుట్టూ పొర గీత గీసినట్టుంది. ఏ సంచీ పగల్లేదు. ఇల్లంతా సర్దినట్టే ఉంది, వంటగది ఒక్కటే కూలింది. దీన్ని చెడిన నమూనా అని ఎవరంటారు?"

ఆవిడ చూసింది. మొదటిసారి చూసినట్టుగా చూసింది. ఆరోగ్యపు నమూనా ఆరోగ్యంగానే ఉండాలి గనక, ఉండకపోతే తప్పు నమూనాదే. ఆ లెక్కన మూడుసార్లు తనను తాను బుట్టలో పారేసింది. పారేసి, అలమారలో పాత కోతావిడ వదిలి వెళ్ళిన గడ్డను కోసి, దాన్నే ఆరోగ్యపు నమూనా అని రాసి పెట్టింది. రాసి రాసి చివరికి అది తనదేనని నమ్మేసింది. శుభ్రంగా ఉన్నాయని భోజనాల బల్ల దగ్గర చెప్పినవి ఎవరివో కణాలు. గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. ఈవిడ తన నలుపును చూసి కూడా అది వేరే గింజ అనుకుంది.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి," అంది. "నలభై అయిదేళ్ళొచ్చాయి. పాపకు పదేళ్ళకే మొదలైంది. నాకుంటే ఈపాటికి తెలిసేది కదా?"

"అందరినీ ఒకేలా పట్టదని నువ్వే కదా నాకు చెప్పావు? కొందరికి చూపంతా పోతుంది. కొందరికి రంగు ఒక్కటే మాసిపోతుంది, వాళ్ళకు తెలియను కూడా తెలియదు." మాస్టారు లేచాడు. "రా. ఒక్క అయిదు నిమిషాలు."

పక్కనే కోత గది. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కోతగాడే, తర్వాత సూక్ష్మదర్శినికి మారాడు. ఆవిడ మిషను ముందు ఆయనే కూర్చుని, కత్తి పక్క తొట్టిలో నీళ్ళు నింపి, అంకెలు కనబడే గాజు మీద తన చేతిరుమాలు కప్పి నడిపించాడు. గడ్డ కత్తి మీదుగా కిందికి దిగింది, పైకి లేచింది. పొరలు నీటి మీదికి వచ్చాయి. మధ్యలో ఒకసారి రుమాలు కింద చెయ్యిపెట్టి ఏదో తిప్పాడు. మళ్ళీ కొన్ని పొరలు.

"ఇప్పుడు చూసి చెప్పు. రంగు ఎక్కడ మారింది?"

కోతలక్క కటకంలో కళ్ళు పెట్టింది. పొరలన్నీ ఒకదాని వెనక ఒకటి నిశ్చింతగా తేలుతున్నాయి. ఈ చివరి నుంచి ఆ చివరి వరకూ చూసింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. పాప వెంట్రుక పుల్ల తీసుకుని కొద్దిగా కదిపి, వెలుతురు మార్చి మరీ చూసింది.

"ఎక్కడా మారలేదు. అన్నీ వెండే."

మాస్టారు రుమాలు తీశాడు. మొదటి కోతల మందం అంకె డెబ్భై, తిప్పిన తర్వాతిది నూటఇరవై.

"అయిదో పొర దగ్గర మారింది తల్లీ. అక్కణ్ణుంచి పచ్చటి బంగారం. ఏడాదిగా నువ్వు నాకు బంగారమే పంపిస్తున్నావు. మొదట్లో బద్ధకం అనుకున్నాను. ఇంట్లో పాప సంగతి తెలిశాక దిగులనుకున్నాను. అడిగితే బాధపడతావని నోరు మూసుకున్నాను. అదే నేను చేసిన పాపం."

కోతలక్కకు భయం వేసింది. దుఃఖం కాదు, వట్టి భయం. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ దగ్గర ఉన్న ఆస్తి ఆ రెండు కళ్ళే. అంకెను నమ్మకు, రంగును నమ్ము. నమ్మింది. ఇప్పుడు కుర్చీలోంచి లేవాలన్నా ఏది పట్టుకోవాలో తోచలేదు.

"ఎవరికైనా చెప్పారా?"

"నేను చెప్పను. నువ్వే చెప్పాలి. పై అధికారికి రేపు చెప్పినా ఫరవాలేదు, ఎల్లుండి చెప్పినా ఫరవాలేదు. మీ అక్కకు మాత్రం ఈ రోజే." ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బస్సు నడిపే మనిషికి ఏటా కళ్ళ పరీక్ష చేస్తారు అమ్మాయ్. రంగులతో సహా. మీ బావ ఏనాడైనా తప్పాడా? అంతమంది కూర్చుని ఆ ఒక్క సంగతి ఎవరూ అడగలేదా?"

ఎవరూ అడగలేదు. బావ వాళ్ళమ్మకు ముసలితనంలో చూపు పోయింది, అది చాలింది అందరికీ. అవి నీటికాసులు, ఈ జబ్బు కాదని బావ నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడు. "పెళ్ళికి ముందు దాచాడు, ఇప్పుడు పేరు మార్చి చెబుతున్నాడు" అంది అక్క. తల్లిదండ్రులిద్దరూ రక్తపరీక్ష చేయించుకోమని డాక్టరు అంటే, "తెలిసినదానికి సూదులెందుకు" అని ఆ కాగితం చించేసింది కూడా. అదీ తన చెల్లెలు ఇచ్చిన ధైర్యంతోనే.

అక్క ఇంటికి నాలుగు స్టాపుల దూరం. సాయంత్రం కోతలక్క నడిచే వెళ్ళింది. బస్సెక్కితే నడిపేది బావ అవుతాడేమోనని భయం. ఆకాశం మబ్బు పట్టి ఉంది. రోడ్డు పక్క గోడలూ దుకాణాల బోర్డులూ అన్నీ పాలిపోయి కనబడ్డాయి. మబ్బు వల్లో, ఎప్పుడూ ఇంతేనో ఇక ఆవిడకు తెలిసే దారి లేదు.

దారంతా నాన్నే గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో ఆయన తెల్ల చొక్కాలకు పసుపుపచ్చ దారంతో గుండీలు కుట్టేవాడు. ఒకాయన చొక్కా తెచ్చి మొహాన కొట్టిపోయాడు. తాగి కుడుతున్నాడని అమ్మ తిట్టేది. ఆయన తాగేవాడు కాదు. దారపు ఉండను కిటికీ దగ్గర పట్టుకుని, "తెల్లగానే ఉందే, తెల్లగానే ఉంది కదా" అని గొణుక్కునేవాడు. అది చూసి అక్కాచెల్లెళ్ళిద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే కోతలక్కకు సిగ్గుతో చచ్చిపోయినట్టయింది.

తలుపు తీసింది పాప. ఎదుటి మనిషిని సూటిగా చూస్తే మొహం మాయమవుతుంది కాబట్టి, పక్కకు తిరిగి చెవి వైపు చూస్తున్నట్టుగా చూస్తుంది.

"పిన్నీ, నువ్వేనా? ఇవాళ కాళ్ళీడుస్తున్నావేం? నువ్వు ఎవరో వేరే ఆవిడవనుకున్నా."

"అలిసిపోయానమ్మా."

"లోపల సంతకాల సంబరం నడుస్తోంది. నన్ను ఏ కాగితమూ ముట్టుకోవద్దన్నారు. ముట్టుకున్నా చదవలేనని వాళ్ళకు ఎవరైనా చెప్పాలి."

అక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. పోస్టాఫీసు నుంచి వచ్చి బట్టలు కూడా మార్చుకోలేదు. బావ గుమ్మం పక్కన చేతిసంచీతో నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళు ఉన్న ఇంట్లో, కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి నిలబడే ఉన్నాడు. డ్యూటీ దుస్తుల్లోనే వచ్చాడు, జేబు మీద నంబరు బిళ్ళ.

"వచ్చావా? రావే," అంది అక్క. "ఈ వకీలు చూడు, అన్నీ తొందరే. సంతకం పెట్టాల్సిన చోటల్లా పసుపు రంగు పూసి ఇచ్చానమ్మా, అక్కడక్కడ పెట్టేయండి అన్నాడు. ఎక్కడ పూశాడు? మూడుసార్లు తిరగేశాను. వట్టి తెల్ల కాగితాలు. నా లైటు బాగాలేదేమో. నువ్వు చూడు, నీవి సూక్ష్మదర్శిని కళ్ళు కదా."

కోతలక్క కాగితాలు అందుకుంది. కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఇంకా సాయంత్రపు వెలుతురు ఉంది. మొదటి కాగితం, రెండోది, మూడోది, నాలుగోది. నల్లటి అక్షరాలు, మధ్య తెలుపు. తిప్పింది, వంచింది, ఏటవాలుగా పట్టుకుంది. నాన్న దారపు ఉండను పట్టుకున్నట్టే పట్టుకుంది.

"కనబడిందా?"

"లేదక్కా."

"చెప్పానా? ఆ వకీలు మర్చిపోయి ఉంటాడు. ఇప్పుడు ఫోను చేసి నాలుగు దులుపుతాను, ఉండు."

బావ సంచీ కింద పెట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, కోతలక్క చేతిలోని కాగితం మీద వేలు పెట్టాడు. "ఇక్కడుంది కదా." ఇంకో కాగితం తిప్పాడు. "ఇక్కడ. ఇదిగో, ఇక్కడ ఇంకొకటి. మొత్తం నాలుగు చోట్ల పూశాడు. బాగా చిక్కగానే పూశాడే."

"వేళాకోళం చేయడానికి వేళాపాళా ఉండాలి," అంది అక్క, ఆయన వైపు చూడకుండా. మూడు నెలలుగా ఆవిడ మొగుడితో గోడకు చెప్పినట్టే మాట్లాడుతోంది. "తెల్ల కాగితం మీద వేలు పెట్టి పసుపు అంటే నమ్మడానికి ఇక్కడ ఎవరూ పిచ్చివాళ్ళు లేరు. ఇద్దరం చూశాం. ఇద్దరికీ కనబడలేదు."

"ఇద్దరికీనా?" అంది పాప గుమ్మంలోంచి. ఈసారి ఆ గొంతులో హాస్యం లేదు. జబ్బు మొదలైన కొత్తలో తనకు ముందు పోయింది ఏ రంగో ఆ పిల్లకు గుర్తుంది.

చెబితే కోతలక్క ఉద్యోగం పోతుంది. అంతకంటే, బిడ్డకు చీకటి ఇచ్చింది నీ రక్తమే అని తోడబుట్టినదానికి తన నోటితో చెప్పాలి. చెప్పకపోతే ఏ తప్పూ లేని మనిషి ఆ సంచీ పట్టుకుని వెళ్ళిపోతాడు, ఇంకెప్పటికీ రాడు.

"అక్కా, పెన్ను కింద పెట్టు."

"ఏం?"

"పోయినవారం ఇదే బల్ల దగ్గర నేను చెప్పింది తప్పు. నా నమూనా మూడుసార్లు చెడిపోయిందని పారేశాను. చెడిపోయింది నమూనా కాదు. నేనే. శుభ్రంగా ఉన్నాయని చెప్పినవి నావి కావు, ఎవరివో. నా కణాలకూ పాప కణాలకూ తేడా లేదు. నాన్న తాగి కుట్టలేదక్కా. ఆయనకు ఆ దారం తెల్లగానే కనబడింది."

పాప మెల్లగా గోడ పట్టుకుని వచ్చి తండ్రి పక్కన నిలబడి, ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

అక్క చెల్లెలి చేతిలోంచి కాగితం లాక్కుని కళ్ళకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుంది. దూరంగా పెట్టుకుంది. బల్ల మీద పరిచి అరచేత్తో రుద్దింది, దుమ్ము తుడిస్తే కింద రంగు బయటపడుతుందన్నట్టు. పెన్ను ఇంకా రెండో చేతిలోనే ఉంది, మూత తీసే ఉంది.

"ఏమండీ," అంది చివరికి. మూడు నెలల తర్వాత ఆ ఇంట్లో ఆ పిలుపు వినబడింది. "ఎక్కడుంది ఆ పసుపు? నా వేలు పట్టుకుని చూపించండి."

బావ వంగి ఆవిడ వేలు పట్టుకున్నాడు. కాగితం మీదుగా నడిపించి, ఆమె పేరు కింద ఖాళీగా ఉన్న చోట ఆపాడు. అక్క ఆ వేలిని అక్కణ్ణుంచి కదపలేదు. రెండో చేతిలోని పెన్ను నెమ్మదిగా ఆ చోటికే దిగడం మొదలుపెట్టింది. అది సంతకం పెడుతుందో, ఆ చోటు కొట్టేస్తుందో వచ్చేవారం చూద్దాం.